పోరంబోకు: నేలయు, మనిషియు

మేము నల్లకోటు తొడిగిన క్రొత్తలో, చెన్నపట్టణమునకు ఉత్తరమున నున్న యొక మునసబు కోర్టులో జరిగిన ముచ్చట యిది. చెఱువుగట్టు క్రింద గుడిసెలు వేసికొనియున్న కొన్ని ఒడ్డె కుటుంబములపై ఒక మోతుబరి రైతు ఇంజంక్షను దావా తెచ్చెను. ఆయన పొలమునకు బండ్లు పోవు బాటకు ఆ గుడిసెలు అడ్డమట. మా పెద్ద వకీలుగారు వాదిపక్షము. ప్రతివాదులలో నొక ముసలివాడు బోనులో నిలిచి తెలుగున సాక్ష్యమిచ్చుచుండెను; తరములుగా అరవదేశముననే యున్నను ఆ కుటుంబములలో ఇంటిమాట తెలుగే. క్రాసు పరీక్షలో మా పెద్ద వకీలుగారు, "ఏమయ్యా, నీకొక ఊరు లేదు, వాకిలి లేదు. ఊరూరా తిరిగే పోరంబోకువి గదా నువ్వు?" అని యడిగిరి. ముసలివాడు తొట్రుపడలేదు. "పోరంబోకులో ఉండేవాళ్లం సామీ, పోరంబోకులం కాదు" అనెను. కోర్టుహాలంతయు నవ్వెను. మునసబుగారును నవ్విరి. మేమును నవ్వితిమి. వాఙ్మూలములో మాత్రము "నేను పోరంబోకు భూమిలో నివసించుచున్నాను" అను నొక్క వాక్యమే యెక్కినది. వాదికి అంతకంటె మేలైన యొప్పుదల అక్కరలేదు.

ఆ ప్రశ్నను ముందునాటి రాత్రి కాగితముపై వ్రాసి మా పెద్ద వకీలుగారి చేతికిచ్చినవారము మేమే.

నాటినుండి యీ మాట చెవిని బడినపుడెల్ల మాకు ఆ బోను జ్ఞప్తికి వచ్చుచుండును. పాఠకులలో అనేకులు దీనిని రెండు తావుల వినియుందురు. ఒకటి, ఇంటి దస్తావేజులోని చెక్కుబందీ: తూర్పు బాట, దక్షిణము చెఱువు పోరంబోకు. రెండవది, తండ్రినోట: "చదువు మాని పోరంబోకు తిరుగుళ్లు తిరుగుచున్నాడు." సబురిజిస్ట్రారు కచేరీలో నేలకు పేరైన మాట, వీథి యరుగుపై తిట్టెట్లయ్యె నన్నదియే మా ప్రశ్న.

మాట అరవము. పుఱం అనగా వెలుపల. పోక్కు అనగా పోవుట, పోవు తీరు. ఆ పుఱమునకు మన పొఱుగును, ఆ పోక్కునకు మన పోకయు జ్ఞాతులే. కావున దీనిని తెలిగించినచో "వెలుపలి పోక" యగును. దేనికి వెలుపల? మంచితనమునకు గాదు, మర్యాదకు గాదు; శిస్తుకు వెలుపల. మదరాసు రాజధానిలో రైతువారీ బందోబస్తు జరిగినపుడు పొలములన్నియు కొలిచి, నంబరులు వేసి, ఒక్కొక్క నంబరునకు తరము నిర్ణయించి శిస్తు కట్టిరి. కట్టరాని నేల కొంత మిగిలెను. అదియే పోరంబోకు.

దీనిని బంజరుతో కలుపుట పెద్ద పొరపాటు. చదువుకొన్నవారును చేయు పొరపాటు. బంజరు సాగునకు పనికివచ్చియు సాగు కాక పడియున్న నేల. రేపొకడు దరఖాస్తు పెట్టుకొన్నచో పట్టా యీయవచ్చును. పోరంబోకు అట్టిది కాదు. అది పనికిరాక విడిచినది గాదు, పదిమందికి పనికివచ్చుచుండుటచే ఏ యొక్కరికిని ఈయక విడిచినది. చెఱువు పోరంబోకు, వాగు పోరంబోకు, బాట, డొంక, కళ్ళము, పశువులు నిలుచు మందబయలు, శ్మశానము: ఇవన్నియు ఆ పద్దు క్రిందివే. పల్లెలో పుట్టినవాడు త్రాగిన నీరు, వాని యావు మేసిన గడ్డి, వాడు ధాన్యము తూర్పారబట్టిన గట్టినేల, తుదకు వాడు కాలిన చోటు, అన్నియు పోరంబోకులే. మైలాపురమునకు ఆనుకొని మన తెలుగువా రనేకులు కాపురముండు మందవెళి యొకప్పటి మందబయలే గదా. ఆ పేరు గల పేటలో చదరపుటడుగు ధర యెంతయో చెప్పి పాఠకుల మనసు కష్టపెట్టజాలము.

అయితే కరణముగారి పుస్తకములో ఆ నంబరునకు ఎదురుగా శిస్తు గడిలో నుండునది సున్న. సర్కారునకు రాబడి లేదను అర్థమున వ్రాసిన ఆ సున్న, నేలకే విలువ లేదను నర్థము నిచ్చెను. పిదప ఆ యర్థమే మనిషికి ప్రాకెను. ఎవని పేర ఖాతా లేదో, ఎవడు ఏ గ్రామలెక్కకును ఎక్కడో, ఎవనినుండి వసూలు చేయుటకు ఏమియు లేదో, వాడును శిస్తుకు వెలుపలివాడే. తమిళనాట 1980లోను, ఆంధ్రదేశమున 1984లోను కరణీకములు పోయినవి. ఆ పుస్తకములోని తిట్టు మాత్రము పోలేదు.

ఇందొక చిత్రము గలదు. పోరంబోకు నాక్రమించి పంట పెట్టినవానికి రెవెన్యూ భాషలో వేఱు పేరున్నది: శివాయిజమాదారు. శివాయి అనగా తప్ప, జమా అనగా కట్టిన శిస్తు. ఇదియు "జమాకు వెలుపల" అనుటయే. 1905వ సంవత్సరపు మదరాసు మూడవ చట్టము రోడ్లు, వీథులు, నదీగర్భములు, చెఱువులు మున్నగునవి సర్కారు ఆస్తియని చాటి, వాని నాక్రమించినవానినుండి శిస్తును, జరిమానాను వసూలు చేయుటకును, వానిని తొలగించుటకును అధికారము నిచ్చినది. శివాయిజమా యేండ్లతరబడి కట్టుచు పట్టా యెప్పుడు వచ్చునాయని కాచుకొన్నవారు ప్రతి తాలూకాలోను గలరు. రెండు మాటలకును అర్థ మొక్కటే. ఒకటి ఫారసీ వేషమున దారు తగిలించుకొని కచేరీలో కుర్చీ నడుగును. మఱియొకటి బోనులో నిలువబడును. దున్నినవానికి మొదటిది, గుడిసె వేసినవానికి రెండవది.

మైసూరు, బొంబాయి సీమలలోని తెలుగువారికి ఈ బాధ మఱియొక రూపమున దెలియును. అచట ఇట్టి నేలకు ఖరాబు అని పేరు. కర్ణాటకపు పహాణీలలో ప్రజోపయోగమునకు విడిచినది "బి ఖరాబు". బాటను, కుంటను పట్టుకొని "చెడిపోయినది" అని లెక్కలో వ్రాసికొనుట యేమి భాషయో! అరవపు మాట మేలు. అది వెలుపల అన్నది గాని చెడినది అనలేదు.

ఇక మన సొంత మాటలను చూతము. తెలుగున తిరుగుటకు మూలమైన ధాతువు అరవమున తిరి. దానినుండియే మనకు తిరుగుట, త్రిప్పుట, పిండి విసరు తిరుగలి, రాజుపై లేచు తిరుగుబాటు. ప్రాచీనకవులు వాడిన త్రిమ్మరుట యు నిందలోనిదే. త్రిమ్మరునది త్రిమ్మరి, దేశశబ్దముతో సమాసమై, తకారము దకారమై, దేశదిమ్మరి యైనది. రాత్రులందు తిరుగు రాక్షసుడు రేద్రిమ్మరి. మొదట నిందు నింద లేదు. కావ్యములలో తుమ్మెద త్రిమ్మరును, వేటకాడు త్రిమ్మరును, మునియు త్రిమ్మరును. మనుచరిత్రమున ప్రవరుని యింటికి వచ్చిన సిద్ధుడు భూమియంతయు చుట్టివచ్చినవాడు. ఆతనిని దిమ్మరి యనక ప్రవరుడు కాళ్లు కడిగి భోజనము పెట్టెను.

ఇంకను వింతయైనది తిరిపెము. తిరియుట యనగా బిచ్చమెత్తుట. ఇదియు ఆ కుదురులోనిదే: ఇల్లిల్లు తిరిగి తెచ్చుకొన్నది తిరిపెము. తిరుగుటయు, అడుగుకొనుటయు మన భాషలో ఒకే తల్లి బిడ్డలు. ఈ సంగతి యిప్పటికి జ్ఞాపకముంచుకొనవలెను. చట్టసభలు మన నిఘంటువులను చదువకయే యీ రెంటిని ఎట్లు కలిపివేసినవో ముందు చెప్పబోవుచున్నాము.

తిరుగుబోతు అను మాట వేఱు దారి పట్టినది. బోతు ప్రత్యయము తిండిబోతులోను, త్రాగుబోతులోను నున్నదే. మితి మీరినవానికి తగిలించునది. మగవానిని తిరుగుబోతు అన్నచో, పెండ్లియైన పిదప కుదురుకొనునని పెద్దలు నవ్వుదురు. ఆడుదానిని అన్నచో కుటుంబకోర్టు వఱకు వచ్చును. అక్షరములు అవియే, అర్థమును వినువారి కన్ను పెట్టుచున్నది.

పైనుండి వచ్చినవానిలో ఆవారా ఫారసీ. ఇల్లు కోల్పోయి తిరుగువాడని దాని యర్థము. నేటికిని ఇరానులో యుద్ధముచేతనో, భూకంపముచేతనో ఊరు విడిచినవారిని ఆ మాటతోనే పిలుతురు. మన దేశమునకు వచ్చి అది కొంటెవాని పేరైనది. 1951లో రాజ్‌కపూర్ చిత్రము దానికి కొంత గ్లామరును గూడ తెచ్చెను. లోఫరు అమెరికాలో 1830 ప్రాంతమున పుట్టి, ఇచటికి వచ్చి, మొదట పనిలేక తిరుగు తెల్లవారికే వర్తించినది. అట్టివారు కన్నులబడుట దొరతనమునకు తలవంపుగా నుండెను గాబోలు, ఐరోపాజాతి దిమ్మరులకే ప్రత్యేకముగా 1869లో నొకటియు, 1874లో నొకటియు చట్టములు చేసిరి. ఆ మాట నేడు తెలుగు సినిమాలలో ఎవరికి తగులుచున్నదో చెప్పనక్కరలేదు.

తిరుగుట గౌరవమగుటకు కావలసిన సరంజామా యేమో మన పట్టణపు చరిత్రయే చెప్పును. మదరాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగివచ్చిరి. పదునైదు మాసములకు పైగా ఊరూరు, సత్రము సత్రము. ఆ దినచర్య 1838లో అచ్చయి నేటికిని చదువబడుచున్నది. వెంట పరివారమున్నది, పల్లకీ యున్నది, హోదా యున్నది. ఆయనను దేశదిమ్మరి యన్నవారెవరును లేరు, అనగూడదు కూడ. కాని అవే బాటలపై అదే కాలమున పొదియెద్దులతో తిరిగినవారు వేఱొకరు గలరు.

వారు ఎఱుకలవారు. అరవదేశమున వీరి జ్ఞాతులకు కొరవలని పేరు. తీరమునుండి ఉప్పును లోనాడులకును, లోనాడుల ధాన్యమును తీరమునకును ఎద్దులపై, గాడిదలపై మోసి అమ్మెడివారు. ఎండకాలమున ఒక బాట, కోతలకాలమున మఱియొక బాట. ఏ సంత ఏ వారమో వారికి కంఠస్థము. ఇందు పనిలేని తిరుగుడు ఎక్కడ గలదు? 1856లో చెన్నపట్టణమున రాయపురమునుండి రైలు నడిచెను. తరువాతి దశాబ్దములలో ఇనుపదారులు లోనికి ప్రాకినకొలది, ఉప్పుపై సర్కారు కట్టుబాట్లు బిగిసినకొలది, పొదియెద్దు చితికెను. బేరము పోయినను బాట మానలేదు. చేతిలో సరకు లేని మనిషి బాటపై కనబడెను. అంతకుముందు వర్తకుడు, ఇప్పుడు అనుమానాస్పదుడు.

నేరజాతుల చట్టము 1871లో ఉత్తరాదిని పుట్టి, 1911లో మదరాసు రాజధానికి వ్యాపించెను. జాతికి జాతిని పట్టికలో చేర్చి, వ్రేలిముద్రలు తీసి, కొందఱిని సెటిలుమెంటులలో నిలిపి, రాత్రివేళ హాజరు పిలిచి, సెలవుచీటి లేక పొలిమేర దాటుటను నేరము చేసిరి. గుంటూరు సీమలో స్టూవార్టుపురము అట్టి సెటిలుమెంటే. మన ఒడ్డెలలోను కొన్ని శాఖలు ఆ పట్టికకెక్కినవి. మదరాసు రాజధానిలో ఆ చట్టము 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీని రద్దయినది. ఐనను తమిళనాటి విముక్తజాతుల జాబితాలో ఒడ్డెలు, కల్లొడ్డెలు, నెల్లూరుపేట ఒడ్డెలు అను పేర్లు నేటికిని గలవు. 

ఒడ్డెల తిరుగుడు మఱింత కఠినమైన సమాధానము నడుగును. వారి వృత్తి మట్టిపని, రాతిపని. చెఱువు త్రవ్వుట, గట్టు వేయుట, బావి దింపుట, బాట పోయుట. ఒకచోట పని ముగిసినచో మఱియొకచోటికి పోవలసినదే. చెఱువు వారి వెంట రాదు గదా. పని జరుగునంతకాలము ఆ గట్టుక్రిందనే గుడిసెలు. అనగా ఏ నేలను గ్రామలెక్కలో చెఱువు పోరంబోకని వ్రాసికొన్నారో, దానిని చెఱువుగా చేసినది ఇట్టివారి పలుగుపారలు. ఆ ముసలివాడు తన సాక్ష్యములో ఈ సంగతియు చెప్పబోయెను. ఆ చెఱువు తూము పునాదిరాయి తన తాత పెట్టినదట. దావాతో సంబంధము లేదని మా పెద్ద వకీలుగారు అభ్యంతరము చెప్పగా, మునసబుగారు అంగీకరించిరి. శాస్త్రప్రకారము అది సరియైన అభ్యంతరమే.

చట్టము నిఘంటువును చదువకయే తిరుగుటను, తిరియుటను కలిపినదని పైన నంటిమి. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 109వ సెక్షను, కానవచ్చు జీవనాధారము లేనివానిని, తన్నుగూర్చి తృప్తికరముగా చెప్పుకొనలేనివానిని సత్ప్రవర్తనకు జామీను అడుగవచ్చుననెను. చేసిన నేరముతో పనిలేదు, చెప్పుకొనలేకపోవుటయే చాలును. ఈ ముక్క 1973 నాటి కోడులో లేదు. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సంహితలోను లేదు. కాని బిచ్చగాండ్ర చట్టములలో అది వేఱు వేషమున దాగెను. బొంబాయి 1959 చట్టము, జీవనాధారము కనబడక బహిరంగస్థలమున తిరుగాడు మనిషి తీరును బట్టియే వానిని బిచ్చగానిగా లెక్కించుటకు వీలిచ్చినది; చేయి చాపనక్కరలేదు. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టములోని అనేక సెక్షనులను 2018 ఆగస్టు 8వ తేదీని అచటి హైకోర్టు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది. మన రాజధానిలో 1945 నాటిది వేఱొక చట్టము. దానిని చదువదలచినవారికి మా యొద్ద ప్రతి యున్నది.

మనిషిసంగతి యిట్లుండగా నేలసంగతి యేమైనది? పట్టణమునకు దక్షిణమున పళ్ళికరణై చిత్తడినేల గలదు. రెవెన్యూవారికి అదియు పోరంబోకే. శిస్తు రాని నీటినేల గావున పెరుంగుడివైపున నగరపు చెత్త పోసిరి. అన్నివైపుల మేడలు లేచెను. 2015 డిసెంబరు వరదలలో వేళచ్చేరి ప్రాంతముల మేడల క్రిందియంతస్తులలోనికి నీరు వచ్చినపుడు, నీరు తన చోటికే వచ్చినదని పలువు రనిరి. ఆ కాలమున మా యింటిలో మిత్రకుటుంబ మొకటి తొమ్మిదిదినములు తలదాచుకొన్నది. వారి దస్తావేజు చెక్కుబందీలోను పోరంబోకు గలదు. 2022లో పళ్ళికరణైలోని సుమారు 1,247 హెక్టారులను అంతర్జాతీయ రాంసర్ పట్టికలో చేర్చిరి. ఎణ్ణూరు ఏటిముఖమున బూడిదయు, కర్మాగారములును చేసిన చేటును చెప్పుచు, 2017 జనవరిలో సంగీతవిద్వాంసుడు టి.ఎం. కృష్ణగారు పాడిన పాట పేరులోనే పోరంబోకు ఉన్నది. కచేరీ సంగీతమునకు చెవినిచ్చు మనవారిలో కొందఱు ఆ మాట విని ఉలికిపడిరి. తిట్టుగా గాక నేలపేరుగా ఆ మాటను వారు వినుట అదియే మొదటిసారి గావచ్చును.

ఉన్నతన్యాయపీఠము ఈ మాటను పైకెత్తినది. పాటియాలా జిల్లాలో నొక గ్రామపు కుంటను పూడ్చి యిండ్లు కట్టిన వ్యవహారములో 2011 జనవరి 28వ తేదీని సుప్రీంకోర్టు చెప్పిన జగ్‌పాల్ సింగు తీర్పు న్యాయవాదు లెఱుగనిది కాదు. ఉత్తరాది గ్రామసభ భూములతో, పంజాబు షామిలాతుతో పాటు దక్షిణాది మందవెళిని, పోరంబోకును పేరుపెట్టి చెప్పి, ఇవి శతాబ్దములుగా గ్రామస్థుల ఉమ్మడి మేలునకు ఉన్నవనియు, ఆక్రమణలను తొలగించుటకు అన్ని రాష్ట్రములును పథకములు వేయవలెననియు ఆజ్ఞాపించినది. భూమిలేని కూలీలకు, షెడ్యూలు కులముల, తెగలవారికి ప్రభుత్వము కౌలుగా ఇచ్చిన తావులను మినహాయించవచ్చుననియు అందున్నది. ఆచరణలో ఈ రెండు వాక్యములలో మొదటిదే చురుకుగా నడచును, అదియు గుడిసెలవైపు. పొక్లెయినునకు ఇటుకగోడకంటె తాటాకు సులువు.

మొదట చెప్పిన దావా వాదిపక్షమున డిక్రీ అయ్యెను. ముసలివాడు తీర్పునాటికి లేడు. రాయవేలూరువైపు పనికి పోయినాడని మనుమడు వచ్చి చెప్పి, నకలు నడిగి తీసికొనిపోయెను. గుడిసెలు తీసిన మూడవయేట మా కక్షిదారు తన పొలమును చెఱువులోనికి ఎకరమున్నర జరిపి వరి పెట్టెను. తహశీలుదారునుండి బి. మెమో రాగా దానిని చేతబట్టుకొని నేరుగా మా యొద్దకే వచ్చెను. అప్పటికి మేము విడిగా ప్రాక్టీసు పెట్టియుంటిమి. ఫీజు తీసికొని, నాలుగు పుటల సమాధానము సిద్ధము చేసితిమి. అందు పోరంబోకు అను మాట ఏడుమార్లు వచ్చినది. ఏడుమార్లును నేలకే.